ముసుగువాడు జారిపడితే: స్లాషర్ కామెడీ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ముసుగేసుకుని, కత్తి పట్టుకుని ఒక్కొక్కరినే వేటాడే హంతకుడి సినిమాలో నవ్వు ఎక్కణ్ణుంచి పుడుతుందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. చూసేవాళ్ల ప్రశ్నలు ముందు, తీసేవాళ్లవి తర్వాత. నకిలీ రక్తం గురించి అడిగినవాళ్లే ఎక్కువ కాబట్టి దానికి చోటు కూడా ఎక్కువే ఇచ్చాం. పాత సినిమాల గుట్లు కొన్ని బయటపడతాయి. చూడనివాళ్లు ఆ పేరాలు దాటేయండి.

ప్రశ్న: మన దెయ్యం కామెడీలకీ స్లాషర్ కామెడీకీ తేడా ఏమిటి? రెండూ భయపెట్టి నవ్వించేవే కదా? (ఏలూరు)

జవాబు: తేడా చావులో ఉంది. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014) వరసలో వచ్చిన మన సినిమాల్లో దెయ్యానికి ఒక అన్యాయం జరిగి ఉంటుంది, దానికో ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. కమెడియన్లు వణుకుతారు, చెంపదెబ్బలు తింటారు, మంచం కింద దూరతారు, కానీ చావరు. వాళ్లు చావరని ప్రేక్షకుడికి టికెట్ కొన్నప్పుడే తెలుసు. అందుకే అక్కడ భయం కూడా ఒక ఆటలాగే సాగుతుంది.

స్లాషర్‌లో చంపేవాడు సాధారణంగా మనిషే. చేతిలో తుపాకీ ఉండదు. కత్తో, గొడ్డలో, డ్రిల్లో ఉంటుంది, అంటే చంపాలంటే దగ్గరికి రావాల్సిందే. ఒక గుంపు ఉంటుంది, ఒక్కొక్కరే తగ్గుతారు, చివరికి సాధారణంగా ఒక అమ్మాయి మిగిలి వాడికి ఎదురు తిరుగుతుంది. ఆ పాత్రకు 'ఫైనల్ గర్ల్' అనే పేరు 1987లో అమెరికన్ పరిశోధకురాలు కెరల్ క్లోవర్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. ఈ చట్రానికి బీజం 'సైకో' (1960), పూర్తి రూపం 'హాలోవీన్' (1978). దీనికి హాస్యం కలిస్తే వచ్చే చిక్కేమిటంటే, ఇప్పుడు మనల్ని కడుపుబ్బ నవ్వించినవాడు పది నిమిషాల్లో పోవచ్చు. ఆ అభద్రత లేకపోతే అది స్లాషర్ కామెడీ కాదు, హంతకుడి వేషం వేసుకున్న దెయ్యం కామెడీ. 'జాంబి రెడ్డి' (2021) కర్నూలు ఫ్యాక్షన్ నేపథ్యంలో నెత్తుటినీ నవ్వునీ కలిపింది కానీ అది జాంబీల దారి. వాళ్లు గుంపుగా వస్తారు, స్లాషర్ హంతకుడు ఒంటరిగా వస్తాడు. భయం కట్టే పద్ధతే వేరు.

ప్రశ్న: ఈ రకం సినిమాలు 'స్క్రీమ్'తోనే మొదలయ్యాయా? (నల్గొండ)

జవాబు: కాదు. 'హాలోవీన్', 'ఫ్రైడే ది థర్టీన్త్' (1980) వరసగా డబ్బు చేసుకున్న మరుసటేడే 'స్టూడెంట్ బాడీస్' (1981) వాటిని ఎగతాళి చేసింది. చచ్చినవాళ్ల లెక్క తెర మీదే అంకెల్లో పడుతుంటుంది. హంతకుడు పేపర్ క్లిప్పుతో కూడా చంపుతాడు. నవ్వులున్నాయి కానీ ఒక్క క్షణం కూడా భయం వేయదు.

1982 నాటి 'స్లంబర్ పార్టీ మాసకర్' కథ ఇంకా తమాషా. రచయిత్రి రీటా మే బ్రౌన్ దాన్ని వ్యంగ్యంగా రాస్తే, దర్శకురాలు ఏమీ జోన్స్ దాదాపు నిజమైన స్లాషర్‌లాగే తీశారు. ఫలితంగా పొడుగాటి డ్రిల్లు పట్టుకున్న హంతకుడు నిజంగానే భయపెడతాడు. పిజ్జా తెచ్చినవాడు శవమై గుమ్మంలో పడితే, కాసేపటికి ఒకమ్మాయి ఆకలేస్తోందని ఆ పిజ్జానే తింటుంది. స్లాషర్ కామెడీ అంటే ఏమిటో ఆ ఒక్క ముద్దలో ఉంది. ఎవరూ జోక్ వేయలేదు, పరిస్థితే నవ్వు తెప్పించింది. 1986లో వచ్చిన ఆరో 'ఫ్రైడే ది థర్టీన్త్'లో ఆ వరస హంతకుడు జేసన్ పిడుగు పడి శవం నుంచి లేచి, జేమ్స్ బాండ్ టైటిల్స్ తరహాలో తెర మీద నడిచి మన వైపు తిరుగుతాడు.

వెస్ క్రేవెన్ దర్శకత్వంలో, కెవిన్ విలియమ్సన్ రాసిన 'స్క్రీమ్' 1996 డిసెంబరు 20న వచ్చింది. సుమారు కోటిన్నర డాలర్ల ఖర్చుకి ప్రపంచం మొత్తం మీద 17 కోట్లకు పైగా తెచ్చుకుంది. దాని కొత్తదనం ఒక్కటే: ఆ పిల్లలందరూ స్లాషర్ సినిమాలు చూసి పెరిగినవాళ్లు. నియమాలు వాళ్లకు కంఠతా వచ్చు, అయినా చస్తారు. తెలిసి కూడా చావడంలోనే నవ్వుంది, భయమూ ఉంది. ఒక పరీక్ష పెట్టి చూడండి. 'స్క్రీమ్'లో జోకులన్నీ కత్తిరించేస్తే ఇంకా ఒక మంచి హంతకుడి సినిమా మిగులుతుంది. దాన్ని పేరడీ చేసిన 'స్కేరీ మూవీ' (2000)లో జోకులు తీసేస్తే టైటిల్స్ తప్ప ఏమీ మిగలదు. పేరడీ వేరు, స్లాషర్ కామెడీ వేరు. పేరడీ తక్కువదని కాదు, కానీ దాని దగ్గర నేర్చుకుని స్లాషర్ కామెడీ తీయలేరు.

ప్రశ్న: ఒక్క సీను పెట్టుకుని చదవాలంటే ఏది చదవాలి? ఫిల్మ్ కోర్సులో ప్రాజెక్టు ఇచ్చారు. (విశాఖపట్నం)

జవాబు: 'స్క్రీమ్' చివరి అంకంలోని న్యూస్ వ్యాన్ సీను. పార్టీ జరుగుతున్న ఇంట్లో టీవీ విలేకరి ఒక రహస్య కెమెరా పెట్టింది. బయట వ్యాన్‌లో కెమెరామన్ మానిటర్ చూస్తున్నాడు. దృశ్యం వ్యాన్‌కి 30 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఈ సంగతి మనకు చాలా ముందే, మామూలు మాటల్లో చెప్పేశారు. అప్పుడు దానికి ఏ ప్రాధాన్యమూ ఉన్నట్టు అనిపించదు.

ఇంట్లో సినిమా పిచ్చి రాండీ సోఫాలో తాగి పడుకుని టీవీలో 'హాలోవీన్' చూస్తూ, తెర మీద హీరోయిన్‌ని "వెనక్కి చూడు" అని బతిమాలుతుంటాడు. అతని వెనకే ముసుగువాడు కత్తెత్తి వస్తుంటాడు. వ్యాన్‌లో ఉన్నవాళ్లు మానిటర్ చూస్తూ రాండీని వెనక్కి చూడమని అరుస్తారు. హాల్లో మనం వ్యాన్‌లో వాళ్ల కోసం అరుస్తాం. అందరూ ముందున్నవాణ్ణి హెచ్చరిస్తున్నారు, ఒక్కడూ తన వెనక చూసుకోవడం లేదు. ఇంతవరకు ఇది జోక్. అప్పుడు కెమెరామన్‌కి 30 సెకన్లు గుర్తొస్తాయి. తాను చూస్తున్నది జరిగిపోయిన సంగతి, అంటే ముసుగువాడు ఇప్పుడు ఆ ఇంట్లో లేడు. తలుపు తీస్తాడు, గొంతు తెగుతుంది.

ప్రాజెక్టులో రాయాల్సింది ఇది: నవ్వుకీ చావుకీ రెండు వేర్వేరు ఏర్పాట్లు చేయలేదు. ఒకే వస్తువు, అంటే ఆ ఆలస్యం, మొదట నవ్వించి తర్వాత చంపింది. సీను ఆపి ఆపి చూస్తూ షాట్ల జాబితా రాయండి. మానిటర్ షాట్ ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు నిలిచింది, 30 సెకన్ల మాట మొదట ఎవరి నోట, ఎంత మామూలుగా వచ్చింది అన్న మూడు వివరాలు పట్టుకుంటే చాలు.

ఇంకొకటి, అదే సినిమాలో గ్యారేజీ సీను. అమ్మాయి బీరు సీసాలు విసురుతుంది, ఫ్రిజ్ తలుపుతో కొడుతుంది, ముసుగువాడు వెల్లకిలా పడతాడు. హాలు నవ్వుతుంది. వాడు లేచాక చేసే పని మాత్రం భయంకరం. హంతకుడు జారిపడటానికి ఇక్కడ ఇంకో ప్రయోజనం కూడా ఉంది. వీడు దెయ్యం కాదు, మన మధ్య తిరిగే ఎవడో అని నిరూపిస్తుంది, దాంతో ఎవరు అన్న అనుమానం బలపడుతుంది.

ప్రశ్న: మేం 12 నిమిషాల స్లాషర్ కామెడీ షార్ట్ ఫిల్మ్ తీశాం. స్క్రిప్ట్ చదువుకున్నప్పుడు పడీ పడీ నవ్వాం. ఎడిట్ అయ్యాక చూస్తే నవ్వూ రావడం లేదు, భయమూ లేదు. (హైదరాబాద్)

జవాబు: మీరు పంపిన కథా సారాంశంలో హంతకుడు కత్తి ఎత్తిన ప్రతిసారీ ఒక పంచ్ డైలాగ్ చెబుతున్నాడు. సగం జబ్బు అక్కడే ఉంది. హంతకుడికి తానొక కామెడీలో ఉన్నానని తెలియకూడదు. వాడు తన పనిలో పూర్తి శ్రద్ధతో ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్ల అహం, పిరికితనం, కబుర్లు, ఫోన్ పిచ్చి నవ్వించాలి. 'చైల్డ్స్ ప్లే' సినిమాల్లో హంతకుడి ఆత్మ దూరిన చకీ బొమ్మ నోటికొచ్చినట్టు మాట్లాడుతుంది కదా అనొచ్చు. దాని కోపం మాత్రం అసలైన కోపం, రెండడుగుల ప్లాస్టిక్ ఒంట్లో అంత కోపం ఇరుక్కోవడమే అక్కడి హాస్యం.

రెండోది సంగీతం. నవ్వాల్సిన చోటల్లా 'టొయ్‌య్' మని శబ్దం పెట్టారని రాశారు. తీసేయండి. జోక్ కింద సంగీతం ఆపేస్తే జోక్ పెద్దదవుతుంది, భయం కింద ఆపేస్తే భయం పెద్దదవుతుంది. 12 నిమిషాల సినిమాలో కనీసం నాలుగు నిమిషాలు గది శబ్దం తప్ప ఏమీ ఉండకపోయినా ఫర్వాలేదు. అయితే ఆ గది శబ్దం కూడా రికార్డు చేసిందే కావాలి. షూటింగ్ రోజే అందరినీ కదలొద్దని చెప్పి ప్రతి లొకేషన్‌లో ఒక నిమిషం ఖాళీ శబ్దం పట్టుకోండి. ఆ ముక్క లేకుండా సంగీతం తీసేస్తే సౌండ్ తెగిపోయినట్టు వినిపిస్తుంది, నిశ్శబ్దంలా ఉండదు.

మూడోది షాట్ సైజు. భయానికి దగ్గర షాట్, నవ్వుకి దూరం షాట్. మనిషి పడటం మొత్తం ఒళ్లు కనబడేలా చూపిస్తే నవ్వొస్తుంది, ముఖం మాత్రమే చూపిస్తే జాలేస్తుంది. ఒకే సంఘటనని రెండు సైజుల్లోనూ తీసిపెట్టుకుంటే ఏ వైపు ఒరగాలో ఎడిటింగ్ టేబుల్ మీద తేల్చుకోవచ్చు.

ఇక సమయం. దొంగ భయం, అంటే పిల్లి దూకడం, స్నేహితుడు భుజం మీద చెయ్యేయడం లాంటివి, చాలా పాత పద్ధతి. 1942లో వాల్ ల్యూటన్ నిర్మించిన 'క్యాట్ పీపుల్'లో చీకట్లో నడుస్తున్న అమ్మాయి వెనక ఏదో ఉందనుకుంటుండగా బుస్సుమంటూ బస్సు వచ్చి ఆగుతుంది. ఆ తరహా ఉలికిపాటుకు ఇప్పటికీ 'ల్యూటన్ బస్' అనే పేరుంది. దీని తర్వాత ప్రేక్షకుడు నవ్వుతాడు, ఊపిరి వదులుతాడు. అసలు దెబ్బ ఆ ఊపిరి వదిలిన చోట పడాలి. మీ టైమ్‌లైన్‌లో దొంగ భయం తర్వాత సెకను లోపే అసలు దెబ్బ పడితే రెండూ కలిసి ఒకటే ఉలికిపాటు అవుతుంది. ఐదారు సెకన్లు దాటితే జనం మళ్లీ కాచుకుని కూర్చుంటారు. రెండు మూడు సెకన్ల మధ్య నాలుగు రకాలుగా కోసి, సినిమా గురించి ఏమీ తెలియని ముగ్గురికి చూపించండి. తెర వైపు కాదు, వాళ్ల భుజాల వైపు చూడండి. ఇంకో జాగ్రత్త: జనం నవ్వుతున్నప్పుడు మాటలు వినబడవు. జోక్ వెంటనే వచ్చే ముఖ్యమైన సమాచారం డైలాగ్‌లో పెట్టకండి, కంటికి కనబడేలా పెట్టండి.

ప్రశ్న: తక్కువ ఖర్చులో రక్తం ఎలా చెయ్యాలి? కుంకుమ నీళ్లు వాడితే గులాబీ రంగులో కనబడింది. (రాజమహేంద్రవరం)

జవాబు: 'సైకో' బ్లాక్ అండ్ వైట్ కాబట్టి షవర్ సీనులో చాక్లెట్ సిరప్ సరిపోయింది. రంగుల్లో కావాలంటే మూడు గుణాలు కుదరాలి: చిక్కదనం, అవతలివైపు కనబడకపోవడం, ఎరుపులో కొంచెం గోధుమ రంగు. నీళ్లలో కలిపిన ఏ రంగుకీ మొదటి రెండూ ఉండవు.

పావు లీటరుకి లెక్క ఇది. బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ 250 గ్రాములు, వేడినీళ్లు 75 మిల్లీలీటర్లు, కోకో పొడి ఒక టీస్పూను, ఎరుపు ఫుడ్ కలర్ పొడి పావు టీస్పూను, పసుపు ఫుడ్ కలర్ చిటికెడు. ముందు కోకోని వేడినీళ్లలో ఉండలు లేకుండా కలపాలి, అందులోనే రంగులు వేయాలి, ఆ తర్వాతే గ్లూకోజ్. వరస తిరగేస్తే కోకో ఉండ కడుతుంది, కెమెరాకి దగ్గరగా పెడితే నల్ల చుక్కలు కనబడతాయి. కోకో వల్లే రక్తం అద్దంలా పారదర్శకంగా ఉండదు. పసుపు గులాబీ ఛాయని విరుస్తుంది. ఎరుపు ఇంకా కావాలంటే చిటికెడు చిటికెడుగానే పెంచండి, పది నిమిషాలు ఆగితే రంగు ఇంకొంచెం ముదురుతుంది.

గ్లూకోజ్ దొరక్కపోతే పంచదార పాకం పట్టండి. 200 గ్రాముల పంచదారకి 100 మిల్లీలీటర్ల నీళ్లు, అర టీస్పూను నిమ్మరసం. తీగ పాకం దాకా వెళ్లకండి, వేళ్ల మధ్య జిగురు తగలగానే దించేయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. నిమ్మరసం మానేస్తే మధ్యాహ్నానికి పలుకు కడుతుంది, గాయం మీద పంచదార మెరుస్తుంది.

పని చెడేది సాధారణంగా ఈ చోట్లలో. సింథటిక్ చొక్కా మీద రక్తం ఇంకకుండా బొట్లు బొట్లుగా జారిపోతుంది. ఆ రక్తంలో ఒక టీస్పూను గిన్నెలు కడిగే లిక్విడ్ కలపండి, పరుచుకుంటుంది, ఉతికినా తేలిగ్గా పోతుంది. ఆ సీసా మీద 'నోటికి కాదు' అని పెద్దగా రాసి విడిగా పెట్టండి. నోటి నుంచి కారే రక్తానికి తినే పదార్థాలు తప్ప ఏదీ కలపకూడదు. కంట్లోకి ఏ రక్తమూ వద్దు. ఒంటికి రాసే ముందు నటుడి మోచేతి లోపలివైపు కొంచెం రాసి అరగంట ఆగండి, దురద వస్తే మానేయాలి. టైల్స్ మీద గ్లూకోజ్ పడితే నిజంగానే కాళ్లు జారతాయి, షాట్‌లో లేని నేలంతా పాత దుప్పట్లు పరచండి. సున్నం గోడ రంగుని పీల్చుకుంటే మళ్లీ సున్నం వేయడం తప్ప దారి లేదు. చీమల సంగతి చెప్పక్కర్లేదు, ప్యాకప్ అయ్యాక కడుగుదాం అనుకుంటే మీకన్నా ముందే వస్తాయి.

చిమ్మే రక్తానికి 50 మిల్లీలీటర్ల సిరంజీ, అక్వేరియం గాలి పైపు మీటరున్నర సరిపోతాయి. చిక్కటి రక్తం ఆ పైపులో కదలదు, అంతే కొలత నీళ్లు కలిపి పలచన చేయండి. సిరంజీ నింపాక పైపు చివర దాకా రక్తం వచ్చిందో లేదో చూసుకోవాలి. మధ్యలో గాలి మిగిలితే మొదట 'పుస్' మని గాలొచ్చి తర్వాత రక్తం వస్తుంది. పాడైన టేకే అనుకోండి, కానీ ఒక్కోసారి అదే సినిమాలో మంచి నవ్వు అవుతుంది.

ఎంత రక్తం అన్నదానికి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. నిజంగా కారేంతే చూపించండి, లేదా బిందెలతో పోయండి. రెంటికీ మధ్య రకం దొంగ రక్తంలాగే కనబడుతుంది. ఒకే డిజైన్ చొక్కాలు మూడు కొనుక్కుని, మరకల్లేని సీన్లన్నీ ముందు తీసేసుకోండి. నీలం లైటు కింద ఇదే రక్తం నల్లగా కనిపిస్తుంది కాబట్టి రాత్రి సీన్లకి కోకో సగం తగ్గించి, షూటింగ్ లైట్ల కిందే కెమెరాలో చూసి ఖాయం చేసుకోండి.

ప్రశ్న: బొమ్మల షాపులో దొరికే, లోపలికి ముడుచుకునే కత్తి వాడొచ్చా? (కరీంనగర్)

జవాబు: గాల్లో ఊపడానికి వాడండి, ఒంటికి ఆనించి పొడవకండి. స్ప్రింగు నిటారుగా నొక్కితేనే ముడుచుకుంటుంది. ఆవేశంలో పొడిచే చెయ్యి ఎప్పుడూ ఏటవాలుగానే దిగుతుంది, అప్పుడు అలుగు ఇరుక్కుపోయి గట్టి ప్లాస్టిక్ ముక్కగా మారుతుంది. పక్కటెముక మీద పడితే గాయం ఖాయం.

పది మిల్లీమీటర్ల ఫోమ్ షీటు (కాస్ప్లే వాళ్లు, అంటే సినిమా పాత్రల వేషాలు కట్టేవాళ్లు, వాడే ఈవీఏ ఫోమ్) కత్తి ఆకారంలో కోసి, అంచులు ఏటవాలుగా చెక్కండి. నేరుగా సిల్వర్ పెయింట్ వేస్తే ఫోమ్ పీల్చేసుకుని బూడిద రంగుకి తిరుగుతుంది. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి రెండు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనిచ్చి, అప్పుడు సిల్వర్ అక్రిలిక్ వేయండి. పిడి దగ్గర కొంచెం నలుపు రుద్దితే వాడిన కత్తిలా ఉంటుంది. నిజమైన కత్తి కావాలనిపించేది మెరుపు చూపించే క్లోజప్‌కే. అది ఫ్రేమ్‌లో ఇంకో మనిషి లేకుండా విడిగా తీసుకుని, అయిపోగానే సెట్ నుంచి బయటికి పంపేయండి. రెండు కత్తులూ ఒకే బల్ల మీద ఉండకూడదు.

పోటు చూపించాలంటే కెమెరాకి నటుడి వీపు గానీ పక్క గానీ ఉండాలి. కత్తి అతని అవతలి వైపు నుంచి, ఒంటికి జానెడు దూరంలో దిగాలి. కెమెరా వెనక్కి జరిపి రెండు రెట్లు జూమ్ చేస్తే ఆ జానెడు దూరం తెర మీద మాయమవుతుంది. మొదట సగం వేగంతో చేయించండి, షాట్‌లో ముప్పావు వేగం చాలు, మిగతాది ఎడిటింగ్‌లో నాలుగైదు ఫ్రేములు తీసేస్తే వస్తుంది. పొడిచేవాడి చెయ్యి కాదు, పోటు తిన్నవాడి ఒళ్లు ప్రేక్షకుణ్ణి నమ్మిస్తుంది. అతనికి ఎక్కువ రిహార్సల్ ఇవ్వండి.

ఆరుబయట రాత్రి ముసుగు, కత్తితో తీస్తుంటే స్థానిక పోలీస్ స్టేషన్లో ముందే రాతపూర్వకంగా చెప్పి, వీధిలో వాళ్లకీ చెప్పండి. ఫోమ్ కత్తి అని బాల్కనీలోంచి చూసేవాళ్లకి తెలియదు.

ప్రశ్న: ముసుగు ఎలా ఉంటే భయమూ నవ్వూ రెండూ వస్తాయి? (తిరుపతి)

జవాబు: ఏ భావమూ లేని ముసుగు. 'హాలోవీన్' బృందం రెండు డాలర్ల లోపే దొరికిన 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కర్క్ ముసుగు కొని, కనుబొమ్మలు పీకేసి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టింది. ముఖంలో ఏమీ లేదు కాబట్టి మన భయాన్ని మనమే దాని మీద రాసుకుంటాం. హాస్యానికీ ఇదే పనికొస్తుంది. కోరలు, నెత్తుటి మరకలు ఉన్న ముసుగువాడు తలుపు తెరుచుకోక తంటాలు పడితే పెద్దగా నవ్వు రాదు. ఏ భావమూ లేని ముసుగు తల వంచి గడియ వైపు చూస్తే వస్తుంది.

ముసుగులోంచి పక్క చూపు దాదాపు ఉండదు. మెట్లు దిగే షాట్లలో ఒకరు చెయ్యందుకునే దూరంలో ఉండాలి. ముక్కు కింద లోపలివైపు చిన్న రంధ్రాలు పెట్టకపోతే పది నిమిషాల్లో నటుడికి ఊపిరాడదు. మాటలు ముసుగులోంచి రికార్డయితే ఎందుకూ పనికిరావు, తర్వాత డబ్బింగ్ చెప్పించండి. 'స్క్రీమ్'లో ఫోన్ గొంతు రోజర్ జాక్సన్‌ది. ఆయన్ని సెట్‌లో నటులకు కనబడకుండా ఉంచి నిజంగానే ఫోన్లో మాట్లాడించారు. మీరూ ఫోన్ సీన్లకి ఆ పని చెయ్యండి, పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ చదివే డైలాగుకి ఎవరూ భయపడరు.

ప్రశ్న: కత్తిపోటు శబ్దం దేనితో చెయ్యాలి? (ఒంగోలు)

జవాబు: 'సైకో'కి కసాబా అనే ఖర్బూజా జాతి కాయని పొడిచి రికార్డు చేశారు. మనకి కర్బూజా, పుచ్చకాయ, క్యాబేజీ చాలు. పుచ్చకాయది తడి శబ్దం, క్యాబేజీది పొడి శబ్దం, రెండూ కలిపితే బాగుంటుంది. మైకు జానెడు దూరంలో ఉంచి దాని మీద పలచని గుడ్డ కప్పండి, రసం చిమ్ముతుంది. ఎముక విరగడానికి పచ్చి క్యారెట్. గుడ్డలోంచి తీసిన కత్తికి కూడా 'స్రింగ్' మని లోహపు శబ్దం పెట్టడం సినిమా వాళ్ల అలవాటు. ఒకసారి ప్లాస్టిక్ చెంచా తీసినప్పుడు అదే శబ్దం పెట్టి చూడండి.

ప్రశ్న: అందరి చేతిలో ఫోన్ ఉన్న ఈ రోజుల్లో పాత్రలు 112కి ఎందుకు ఫోన్ చెయ్యరో నమ్మించడం ఎలా? (సిద్ధిపేట)

జవాబు: సిగ్నల్ లేదు అనే డైలాగ్ అరిగిపోయింది. ఫోన్ చెయ్యనివ్వండి, పోలీసులు ఎత్తనివ్వండి, కానీ వాళ్లకి అడ్రసు చెప్పడంలో నలుగురూ పోట్లాడుకోనివ్వండి. ఫలానా గుడి పక్క సందు అని ఒకరు, కాదు పాత రేషన్ షాపు వెనక అని ఇంకొకరు. పాత్రల స్వభావం వల్ల సాయం ఆలస్యమైతే అదే హాస్యం, అదే ఉత్కంఠ.

ప్రశ్న: మాది పల్లెటూరు. కాటేజీలు, సమ్మర్ క్యాంపులు మాకు లేవు. కథ ఎక్కడ పెట్టాలి? (నంద్యాల జిల్లా)

జవాబు: 'టకర్ అండ్ డేల్ వర్సెస్ ఈవిల్' (2010) చూడండి. అడవిలో పాత ఇల్లు కొనుక్కున్న ఇద్దరు మంచి పల్లెటూరి స్నేహితుల్ని పట్నం నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు హంతకులనుకుంటారు. ఒక కుర్రాడు వీళ్ల మీదకి దూకబోయి, గురి తప్పి, చెట్ల కొమ్మలు ముక్కలు చేసే యంత్రంలో తనే పడతాడు. కాళ్లు పట్టుకుని బయటికి లాగుతున్న టకర్ ఒళ్లంతా రక్తం. దూరం నుంచి చూసేవాళ్లకి అది హత్యే. హంతకుడే లేని స్లాషర్ అది, పట్నం వాళ్ల అపోహే హంతకుడు.

ఈ చట్రానికి మీ ఊరు కాటేజీ కన్నా నయం. చెరుకు గడ, వేట కొడవలి, రాత్రి మోటారు వేయడానికి టార్చితో నడిచే రైతు, జాతర ముందు పొట్టేలు రక్తం, ఇవన్నీ మీకు మామూలు, వారాంతానికి వచ్చిన పట్నం పిల్లలకి కావు. ఒక్క నియమం పాటించండి. ప్రతి అపోహనీ రెండు వైపుల నుంచీ చూపించాలి. రైతు వైపు నుంచి ముందు, పిల్లల వైపు నుంచి తర్వాత. తిరగేస్తే మనం కూడా రైతునే అనుమానిస్తాం, నవ్వు పోతుంది. మరి నవ్వు ఊరివాళ్ల యాస మీద పుట్టకూడదు. యాసని చూసి భయపడిన వాడి మీద పుట్టాలి.

ప్రశ్న: రక్తం చూడలేను కానీ ఈ రకం సినిమా ఒకటి చూడాలనుంది. (అనంతపురం)

జవాబు: 'హ్యాపీ డెత్ డే' (2017). అమెరికాలో పీజీ-13 రేటింగ్ వచ్చింది, అంటే పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని చెప్పేది. పుట్టినరోజున హత్యకు గురైన అమ్మాయి మళ్లీ అదే ఉదయం లేస్తుంది, మళ్లీ హత్య, మళ్లీ ఉదయం. పోటు పడబోయే చోట షాట్ తెగుతుంది. సుమారు 48 లక్షల డాలర్ల ఖర్చుకి 12 కోట్లు దాటించింది. అదే దర్శకుడు క్రిస్టఫర్ లాండన్ తీసిన 'ఫ్రీకీ' (2020) ఇంకా నవ్విస్తుంది. కానీ అందులో రక్తం దండిగా ఉంటుంది, మీరు మాత్రం ఆగండి.

ప్రశ్న: మా షార్ట్ ఫిల్మ్‌కి సెన్సార్ కావాలా? (విజయవాడ)

జవాబు: యూట్యూబ్‌లో పెట్టడానికి అక్కర్లేదు. థియేటర్‌లో జనానికి ప్రదర్శించాలంటే సర్టిఫికెట్ కావాలి. ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 2023 చట్ట సవరణతో యూ/ఏ వర్గం 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. రక్తం ఎక్కువున్న స్లాషర్‌కి 'ఏ' వస్తుందనుకునే సిద్ధపడండి.

యూట్యూబ్‌లో సర్టిఫికెట్ లేకపోయినా అక్కడి నియమాలున్నాయి. కల్పితమని తెలిసినా నెత్తుటి హింస ఎక్కువుంటే వయసు పరిమితి పడొచ్చు, అప్పుడు చూసేవాళ్లు తగ్గుతారు. థంబ్‌నెయిల్‌లో తెగిన గొంతు పెట్టకండి, ముసుగువాడు గడియ తీయలేక తల వంచి చూస్తున్న ఫ్రేమ్ పెట్టండి. సినిమా ఏ రకమో కూడా దాంట్లోనే తెలుస్తుంది.